ఊపిరి అందని చోట్లు

ఆ రచనలో పిల్లనగ్రోవి స్వరం మధ్యలో తెగుతుంది. చెబుతున్న మాట పూర్తికాకుండానే గొంతు పోయిన మనిషిలా ఆగిపోతుంది. దానితోపాటు వయొలిన్లూ ఆగుతాయి. తంబురా ఒక్కటే మోగుతూ ఉంటుంది. తరవాత పిల్లనగ్రోవి ఆగిన స్వరం దగ్గర కాకుండా, ఇంకాస్త కింద, మంద్రంలోంచి మళ్లీ లేస్తుంది. అలా చాలా చోట్ల జరుగుతుంది. రేడియోలో విన్నవాళ్లు ఆ చోట్లే గొప్పవంటున్నారు. మా క్వార్టర్ల వెనక వీధిలో ఉండే హైస్కూలు టీచరుగారు నాకు సంగీతం వచ్చునని ఎవరో చెబితే విని, "ఆ మౌనం విన్నారా అండీ? ఎంత సాధన ఉంటే అలా ఆగగలరు" అన్నారు. విన్నానన్నాను.

ఆ మౌనం సాధన వల్ల వచ్చింది కాదు. ఎలా వచ్చిందో తెలిసినవాళ్లం ముగ్గురమే. ఒకరు చెప్పరు. ఒకరు చెప్పినా ఎవరూ వినరు. మూడోదాన్ని నేను. పిల్ల నిద్రపోయాక, దాని గురక లోపలికీ బయటికీ సమంగా వస్తోందని నమ్మకం కుదిరాక, వంటింటి గడప దగ్గర కూర్చుని రాస్తున్నాను.

నాకు పిల్లనగ్రోవి నేర్పించాలని మా ఇంట్లో ఎవరూ తలపెట్టలేదు. వీణ కొనే స్తోమత నాన్నకి లేదు. గొంతు బొంగురని పాట మాన్పించారు. శ్రీకాకుళంలో మా వీధిలో ఒక పెద్దాయన వెదురుతో చేసి ఇచ్చిన ముక్క చేతికొచ్చింది, అది ఒదలలేదు. విజయనగరంలో బి.ఏ. చదివేటప్పుడు సాయంత్రాలు ఒక మాస్టారి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆయన వాయించేది వయొలిను. అయినా నన్ను కూర్చోబెట్టి స్వరం స్వరం వయొలిన్ మీద పలికించి, నన్ను ఊదమని, తప్పుంటే కమానుతో గాలిలో గీత గీసేవారు. పొడుగాటి, లావుపాటి గ్రోవి నాకు ఇష్టం. దాని మంద్రం కడవలో మాట్లాడినట్టుంటుంది. వేళ్లు అందవని అందరూ ఒద్దన్నారు. మాస్టారు ఒద్దనలేదు.

చదువు అయ్యాక మా బావతోనే పెళ్లి అయింది. బావ అంటే మా మేనత్త కొడుకు. గరివిడి ఫ్యాక్టరీలో, లేబొరేటరీలో పని. అత్తకి నేను కోడలు కాకముందు మేనకోడల్ని కాబట్టి, తిట్టినా పెట్టినా మొహమాటం లేదు. శనివారాలు పాసింజరెక్కి విజయనగరం వెళ్లి మాస్టారి బృందంలో వాయించి సాయంత్రానికి వచ్చేస్తానంటే అత్తే ముందు ఒప్పుకుంది.

"ఎల్లనీరా. ఇంట్లో కూకుని ఆ పిల్లంగోవి ఊదితే నాకు తలనొప్పి. అక్కడికెల్లి ఊదుకోనీ."

బావ నవ్వాడు. "నీ పేరు రేడియోలో వస్తే మా ఫ్యాక్టరీలో నన్ను సెయిర్లో కూకోబెడతారు కదే."

మాస్టారికి షార్ట్‌వేవ్ పిచ్చి. ఏ దేశం స్టేషనో గరగరలాడుతూ దొరికితే చెవి ఆనించి వినేవారు. ఆ సంవత్సరం ఆయన నోట కాన్చెర్టో అన్న మాట ఊరికే వచ్చేది. ఒక వాద్యం ఒక పక్క, మిగతా బృందమంతా ఇంకో పక్క నిలబడి మాట్లాడుకోవడం అని మాకు అర్థమయ్యేలా చెప్పారు. విదేశాల్లో ఇప్పుడు పిల్లనగ్రోవికి అలాంటివి కొత్తగా రాస్తున్నారట. అదీ ఎవరో ఒక్క మనిషిని విని, ఆ మనిషి కోసమే.

"మన దగ్గర కృతి ముందుంటుంది అమ్మాయ్. వాయించేవాడు తరవాత వస్తాడు, పోతాడు, ఇంకొకడు వస్తాడు. వాళ్ల దగ్గర మనిషి ముందు. ఎలా ఊదుతాడు, ఎక్కడ గట్టి, ఎక్కడ మెత్తన, అన్నీ చూసుకుని ఆ మనిషి కొలతకి రాస్తారు. చొక్కా కుట్టినట్టు."

"అయితే ఇంకొకళ్లు వాయిస్తే వదులైపోదా మాస్టారూ?" అన్నాను.

"వదులవుతుంది. అవ్వాలి. అప్పుడే అది ఒకరిది."

తరవాత వారం, బృందమంతా ఉండగా, నా మంద్రం కోసం ఒక రచన చేస్తున్నానని చెప్పారు. కోట దగ్గర పాత మేడ మీద ఒక పొడుగాటి గదిలో మేము కలిసేవాళ్లం. వయొలిన్లు వాయించే కుర్రాళ్లు, వీణ అమ్మాయిలు ఇద్దరు, మృదంగం, పెళ్లిళ్ల బ్యాండులోంచి వచ్చే క్లారినెట్టాయన. అందరూ నావైపు చూశారు. నాకు చెవులు వేడెక్కాయి. నా జీవితంలో నా కొలత ఎవరైనా తీసుకుని ఏదైనా చేయడం అదే మొదలు. ఆ రోజు రైల్లో కిటికీ పక్క కూర్చుని, నెల్లిమర్ల దాటే వరకు ఒళ్లో సంచీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

ఆ నెలే నాకు నెల తప్పింది.

అత్తకి చెబితే నుదుటి మీద మెటికలు విరిచి, వెంటనే గొంతు తగ్గించింది. "ఇప్పుడే ఎవలికీ సెప్పకు. ఐదో నెల ఎల్లే దాకా నోరు మెదపొద్దు. దిష్టి సెడ్డది."

"మరి విజయనగరం మానేస్తాను."

"మానేస్తే ఎందుకు మానేసినాదని అడగరేటి? ఎల్లు. ఊదీ ఊదనట్టు ఊదు."

ఈ మాట ఆవిడే అంది. ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే తరవాత ఆవిడకి గుర్తులేదు.

వెళ్లాను. వేవిళ్లు పెద్దగా లేవు. ఊపిరి మాత్రం నాది కాకుండా పోయింది. మేడ మెట్లెక్కితే చాలు ఆయాసం. పొట్ట ఇంకా కనపడకుండానే ఛాతీ ఇరుకైపోయినట్టుండేది. పుస్తకాల్లో అలా ఉంటుందని తరవాత చదివాను. అప్పుడు నాకు తెలియలేదు. చీర గట్టిగా కట్టానేమో అనుకున్నాను. పెద్ద గ్రోవి ఎంత గాలి పోసినా ఇంకా అడుగుతుంది. మంద్రంలో పొడుగ్గా సాగే ఒక వరస మధ్యలో, ఇంకా రెండు స్వరాలు ఉన్నాయనగా, గాలి అయిపోయింది. స్వరం సన్నబడి, వణికి, తెగిపోయింది.

క్లారినెట్టాయన వాద్యం దించి, "అమ్మాయిగోరికి ఈ పూట టిఫినీ అవ్వనేదు గావాల" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు.

మాస్టారు కమాను ఎత్తి ఆగమన్నారు.

"అమ్మాయ్, ఇప్పుడు ఏం చేశావు?"

"తప్పయిపోయింది మాస్టారూ. మళ్లీ ఊదుతాను."

"తప్పని నేనన్నానా? ఎలా ఆగావో అలాగే ఆగు. మళ్లీ ఎక్కడినించి ఎత్తుకుంటావో చూస్తాను."

మళ్లీ ఊదాను. మళ్లీ తెగింది. వేరే చోట తెగింది. ఊపిరి తీసుకుని, ఆగిన స్వరం పట్టుకునే సత్తా లేక కింది స్వరం పట్టుకున్నాను. మాస్టారు కళ్లు మూసుకున్నారు. తెరిచి, ఎదురుగా ఉన్న కాయితం మీద ఏదో గీశారు. "వయొలిన్లు కూడా అక్కడ ఆగిపోండి" అన్నారు. "తంబురా మాత్రం ఆపకు. అమ్మాయి ఎత్తుకునేదాకా ఎవరూ కదలొద్దు."

ఆ తరవాత వచ్చిన శనివారాలన్నీ అంతే. నేను ఎక్కడ కూలిపోతే అక్కడ ఆయన గీత గీసేవారు. నా దగ్గర కొత్తది ఏదో వచ్చిందనీ, ఇన్నాళ్లూ ఎక్కడ దాచావనీ అడిగారు. మెరిసే కళ్లతో అడిగారు. ఏం చెప్పను? మగవాళ్లు పదిమంది కూర్చున్న గదిలో, అత్త కట్టిన ముడి నోట్లో పెట్టుకుని, ఏం చెప్పను? చెప్పకపోవడంలో నాకు సంతోషం కూడా ఉంది. నేను తూలుతుంటే దాన్ని నడక అన్నారు. ఎవరు కాదంటారు?

ఐదో నెల వెళ్లాక పొట్ట తెలిసింది. అత్త గ్రోవిని పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టేసింది. "కానుపయ్యాక సూద్దుం." మాస్టారికి బావ ద్వారా ఒంట్లో బాగులేదని కబురు పంపించాం. ఆయన తిరుగు కబురు పంపారు. రచన నీకోసం ఆగి ఉంటుంది, తొందరేం లేదు అని. ఆ మాట నేను కానుపు గదిలోకి కూడా తీసుకెళ్లాను. నొప్పులు వస్తుంటే, లేచాక వాయించాలి అని పట్టుకున్నాను. దేవుడికి మొక్కుకునేవాళ్లు మొక్కుకున్నట్టు.

ఆడపిల్ల. పుట్టినప్పుడు ఏడవడానికి కాస్త ఆలస్యం చేసింది.

బాలింతకి గాలి శత్రువు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, నడుముకి పాత చీర చుట్టలు చుట్టలుగా. మంచం చుట్టూ సాంబ్రాణి. పెద్దగా నవ్వకూడదు, గట్టిగా పిలవకూడదు, ఊదకూడదు. ఊదితే కడుపులోకి గాలి చేరుతుందట. పాలు పలచబడతాయట. శ్రీకాకుళంలో అమ్మ దగ్గర ఇవన్నీ విన్నాను, గరివిడి తిరిగొచ్చాక అత్త దగ్గర విన్నాను. ఇద్దరూ ఒకే మాట. ఒకరోజు పనిమనిషి రాలేదు. కట్టెలు పచ్చివి, పొయ్యి పొగ చిమ్ముతోంది. అత్త పిల్లని ఎత్తుకుని ఇవతలికి వచ్చి, "సూస్తావేటి, ఒకపాలి ఊదు" అని ఇనప గొట్టం నా చేతికిచ్చింది. పొయ్యి ముందు కూర్చుని ఊదాను. ఎంతసేపైనా ఊదగలిగాను. నా ఊపిరి నాకు తిరిగొచ్చేసిందని అలా తెలిసింది. మంట లేచింది. అత్త, "అద్గదీ" అంది. ఊదకూడదన్న సంగతి ఆవిడకీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఆ మధ్యాహ్నం స్టూలెక్కి అటక మీది పంచె మూట దించాను.

పిల్లకి ఉబ్బసం ఉందని ఆ రోజుల్లోనే తేలింది. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోయి, నోరు తెరిచి గాలి కోసం చూసేది. డొక్కలు లోపలికి పోయేవి. డాక్టరుగారు పెద్దయ్యాక తగ్గుతుందన్నారు. ఫ్యాక్టరీ దుమ్ము పడదేమో అన్నాను నేను. బావ, "దుమ్ము ఉన్నాది, నిజమే. ఇక్కడ పిల్లలందరికీ లేదు కదే" అన్నాడు. ఒకరోజు అత్త పిల్ల వీపు నిమురుతూ, మామూలుగా, బియ్యంలో రాయి ఏరుతున్నట్టుగా అంది:

"కడుపుతో ఉండి ఊదినావు. దానికి రావల్సిన ఊపిరి ఆ గొట్టంలో పోసినావు. గుంటకి మిగల్నేదు."

"నువ్వే వెళ్లమన్నావు కదా అత్తా."

"నానా? నానెందుకంతాను?"

నేను చదువుకున్నదాన్ని. అది అలా జరగదని నాకు తెలుసు. పగలు తెలుసు. పిల్ల డొక్కలు ఎగరేస్తుంటే, దాని మెడ కింద చెయ్యి పెట్టి కూర్చున్నప్పుడు నాకు తెలిసింది ఏదీ దగ్గరికి రాదు.

అయినా వాయించాలన్న కోరిక చావలేదు. అది రాయకపోతే అబద్ధమవుతుంది. నా కొలతకి కుట్టింది ఒకటి ఉంది, అది తొడుక్కోవాలి. పిల్ల కాస్త నెమ్మదించిన శనివారం, దాన్ని ఎత్తుకుని, గ్రోవి సంచీలో పెట్టుకుని, పాసింజరెక్కాను.

మాస్టారు ఒక్కరే ఉన్నారు. పిల్లని చూసి సంతోషించారు, చేతిలో కలకండ పెట్టారు, అది తినే వయసు కాదని మళ్లీ తీసుకున్నారు. వాయించమన్నారు. వాయించాను. ఆ మంద్రం వరస ఒక్క ఊపిరిలో, మొదటినించి చివరిదాకా, ఎక్కడా తెగకుండా వచ్చింది. చివర ఇంకా గాలి మిగిలింది. నా బతుకులో అంత బాగా ఊదలేదు. తలెత్తి చూశాను.

మాస్టారు మొహం వాడిపోయి ఉంది.

"గీతలున్న చోట ఆగలేదేం?"

"ఇప్పుడు ఊపిరి సరిపోతోంది మాస్టారూ."

"అదికాదమ్మాయ్. ఆగి చూడు."

ఆగాను. నాకే తెలిసిపోయింది, అది ఆగినట్టు లేదు. తలుపు వేసినట్టుంది. మళ్లీ ఆగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అది పోయింది. నీ దగ్గర అప్పుడేదో ఉండేది. పోయింది."

అప్పుడు చెప్పాను. పిల్ల ఒళ్లో ఉంది కాబట్టి చెప్పడం అంత కష్టం కాలేదు. "అప్పుడు నేను ఒట్టి మనిషిని కాదు మాస్టారూ. ఊపిరి అందేది కాదు. అంతే."

ఆయన వయొలిన్ పక్కన పెట్టి కమానుకి రాజనం బిళ్ల రాయడం మొదలుపెట్టారు. అవసరం లేకపోయినా చాలాసేపు రాశారు. తెల్లటి పొడి పంచె మీద రాలింది.

"ఈ సంగతి ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. అది ఒంటి సంగతి. ఇది సంగీతం."

తరవాత, నావైపు చూడకుండా, అసలు విషయం చెప్పారు. రేడియోవాళ్లు రచన తీసుకుంటామన్నారు. పేరున్న విద్వాంసుడైతేనే అన్నారు. ఇంకా దక్షిణాన్నించి ఒకాయన ఒప్పుకున్నారు. గొప్ప ఊపిరి ఉన్న మనిషి. పెద్ద గ్రోవి మీద ఆయనకు మించినవాళ్లు లేరు. వచ్చే నెల వస్తున్నారు.

"నువ్వు ఇక రావనుకున్నాను" అన్నారు.

"ఆగి ఉంటుందన్నారు కదా."

"అన్నాను" అన్నారు. నేను పిల్లని భుజాన వేసుకుని లేస్తుంటే, "ఒక సాయం చెయ్యాలి" అన్నారు. "ఆయనకి ఆ ఆగే చోట్లు కాయితం మీద చూస్తే తెలియవు. నువ్వొచ్చి చూపించాలి."

వెళ్లనని బావతో అన్నాను. బావ షర్టు ఇస్త్రీ చేసుకుంటూ, "నీకు ఇష్టం లేకపోతే మానీ. మళ్లీ నాలుగు రోజులు మొహం మాడ్చుకుని కూకుంటావు, అదే నా బాద" అన్నాడు. వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. చూపిస్తుంటే విని, ఈ అమ్మాయే వాయించాలి అని ఆ విద్వాంసుడు అంటాడేమోనన్న ఆశ ఒక మూల ఉండి ఉండాలి. అలాంటి ఆశలు బయటికి చెప్పుకోం.

పిల్ల పాలు తాగేది కాబట్టి అత్త కూడా వచ్చింది. మేడ మీద వరండాలో పిల్లని ఒళ్లో వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. లోపల బృందమంతా ఉంది. విద్వాంసుడు మర్యాదస్తుడు. నేను నమస్కారం పెడితే లేచి నిలబడ్డారు. మాస్టారు నన్ను, "మా శిష్యురాలు, మొదట్లో సాధనకి వాయించేది" అని పరిచయం చేశారు. సాధనకి అన్న మాట నేను విన్నాను. క్లారినెట్టాయన కూడా విన్నాడు. తల దించుకుని రీడు బిగించుకున్నాడు.

ఆయన ఊదితే గది నిండిపోయింది. అది ఒప్పుకోవాలి. నా మంద్రం కడవ అయితే ఆయనది బావి. గీతల దగ్గర ఠక్కున ఆగారు, ఠక్కున ఎత్తుకున్నారు. మాస్టారు నొచ్చుకున్నారు.

"అలా కాదండీ. ఆగాలనుకుని ఆగినట్టుండకూడదు. చచ్చిపోతున్నట్టు ఆగాలి."

"చచ్చిపోతూ ఎలా ఊదాలయ్యా? నాకు అనుభవం లేదే" అన్నారాయన. అందరూ నవ్వారు. నావైపు తిరిగి, "మీరు చూపించండమ్మా" అన్నారు.

ఆ పని నాకూ ఇప్పుడు చేతకాదు. ఆలోచించాను. ఎత్తుకోబోయే ముందు లోపలున్న గాలంతా మెల్లిగా వదిలేసి, అడుగున మిగిలిన దానితో మొదలుపెట్టాను. వరస మధ్యలోకి వచ్చేసరికి ఛాతీ కొట్టుకుంది, కళ్ల ముందు మసకలు వచ్చాయి, స్వరం వణికి తెగింది. అచ్చం అప్పటిలాగే.

"ఆఁ" అన్నారు మాస్టారు.

విద్వాంసుడు ముందుకి వంగారు. "బాగుంది. చాలా బాగుంది. ఇక్కడే ఎందుకు ఆగాలనిపించిందమ్మా మీకు?"

మాస్టారు నన్నే చూస్తున్నారు.

"ఊపిరి అందలేదండీ" అన్నాను.

విద్వాంసుడు పెద్దగా నవ్వారు. మాస్టారూ నవ్వారు. "చూశారా, వినయం" అన్నారు. "నిజమేనండీ" అన్నాను. ఇంకా నవ్వారు. నేను చెప్పిన ఒకే ఒక్క నిజం ఆ గదిలో చమత్కారంగా చెలామణీ అయిపోయింది.

"సరే, గాలి వదిలేసి మొదలుపెడతారన్నమాట" అని ఆయన ప్రయత్నించారు. ఆయన స్వరం తెగిన ఆ నిశ్శబ్దంలో, తంబురా మీద, వరండాలోంచి పిల్ల గురక వినిపించింది. లోపలికి లాగేటప్పుడు పిల్లికూతలా. వచ్చి, ఆగి, మళ్లీ కిందినించి వచ్చింది. ఆయన చిరాగ్గా తలుపువైపు చూసి, "ఆ పిల్లని కాస్త దూరంగా తీసుకెళ్లమనండి. ఏదో శబ్దం వస్తోంది" అన్నారు.

నేనే లేచి వెళ్లి చెప్పాను. అత్త పిల్లని భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. మెట్ల మీద దాని గురక దూరమవుతుంటే విని, మళ్లీ లోపలికి వచ్చి కూర్చుని, మిగతా చోట్లు కూడా చూపించాను. సాయంత్రానికి ఆయనకు పట్టుబడింది. ఆయన ఊపిరి ఎంతటిదంటే, ఊపిరి లేకపోవడం కూడా దానితో చేయగలిగారు.

వెళ్లేటప్పుడు మాస్టారి భార్య బొట్టు పెట్టి, తాంబూలంలో రవికె గుడ్డ పెట్టి ఇచ్చింది. పేరంటానికి వచ్చిన ఎవరికైనా ఇచ్చేదే. విద్వాంసుడికి శాలువా కప్పడం చూసి దిగాను. రవికె గుడ్డ ఇంటికొచ్చాక చూస్తే నాకు చాలదు. కానుపయ్యాక ఒళ్లు వచ్చింది.

ప్రసారం అయిన సాయంత్రం బావ రేడియో గూట్లోంచి దించి స్టూలు మీద పెట్టాడు. అత్త పిల్లకి ఛాతీ మీద వేడినూనె రాస్తోంది. మొదట అనౌన్సరు మాట్లాడింది. పిల్లనగ్రోవికీ వాద్యబృందానికీ మన దగ్గర ఇలాంటి రచన అరుదనీ, ఈ విద్వాంసుడి అపూర్వమైన శ్వాస నియమమే దీనికి ప్రేరణ అనీ, స్వరాల నడుమ మౌనాన్ని ఆయన పలికించే తీరు విని రచయిత దీన్ని ఆయన కోసమే రూపొందించారనీ చెప్పింది. ఎవరు రాసిచ్చిందో ఆవిడ చదివింది. ఆవిడ తప్పు కాదు. మాస్టారికి తెలియకుండా అలా వచ్చిందని కూడా నేను అనుకోను.

బావ నావైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఒగ్గీ" అన్నాడు. వదిలెయ్యమనడం, బావకి తెలిసిన ఓదార్పు అదే.

మొదలైంది. మొదటి చోటు వచ్చింది. పిల్లనగ్రోవి సన్నబడి, వణికి, తెగిపోయింది. తంబురా. అత్త నూనె చెయ్యి పిల్ల ఛాతీ మీద ఆగింది.

"ఏటే, ఆగిపోయినాడేటి?"

"అది అంతే అమ్మా, పాటలో ఉన్నాది" అన్నాడు బావ.

ఇంకో చోటు వచ్చింది. అత్త చెవి రేడియోకేసి తిప్పింది. తరవాత నాకేసి తిరిగింది.

"ఇదేటి, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఇలగే కదే ఆగిపోయేదానివి. పెరట్లో కూకుని ఊదితే ఇలగే. నానే అన్నాను, ఊపిరి సాల్నప్పుడు ఎందుకే ఆ పాట్లు అని. మరి ఆడికేటొచ్చినాది? ఆడూ కడుపుతో ఉన్నాడేటి?"

బావ పగలబడి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, మధ్యలో ఏడుపైపోయింది. అత్త నా ఏడుపు పట్టించుకోలేదు. చేతి నూనె తుడుచుకుంటూ, "నీ పాట ఆడికెందుకిచ్చినావు?" అంది. కాస్త ఆగి, పిల్లని చూసి, "దీని ఊపిరే కదే అది" అంది.

ఆ ఒక్క మాటతో ఇస్తుందో లాక్కుంటుందో అర్థం కాకుండా పోయింది నాకు. ప్రపంచంలో ఆ రచన నాది అన్న మనిషి మా అత్త ఒక్కతే. టీచరుగారికి తెలియదు. విద్వాంసుడికి చెప్పాను, నవ్వారు. మాస్టారికి తెలుసు, అననివ్వరు. ఈవిడ ఒక్కతే చెవితో విని, ఇది నీదే అంది. కానీ ఆవిడ చేతిలోంచి అది నేను తీసుకోవాలంటే, దానితో కట్టి ఉన్న రెండో మాట కూడా తీసుకోవాలి. నా పిల్లకి రావలసింది తీసి నేను పాటకి పోశానన్న మాట. ఒకటి ఉంచుకుని ఒకటి వదిలేస్తానంటే ఒప్పుకోదు. ఆవిడ లెక్కలో అవి రెండు కావు.

ఆ రచన తరవాత ఇంకో రెండుసార్లు వచ్చింది. మూడోసారి నేను కట్టేశాను. గ్రోవి మళ్లీ అటకెక్కలేదు, గోడ మేకుకి వేలాడుతోంది. అప్పుడప్పుడు పగలు ఊదుతాను, కృతులు ఊదుతాను. ఆ వరస ఊదను. ఒకసారి ఎత్తుకున్నాను. ఊపిరి పూర్తిగా ఉంది, ఆగక్కర్లేదు. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి పక్క గదిలో పిల్ల దగ్గింది. గ్రోవి మేకుకి తగిలించి వెళ్లాను.

ఇప్పుడు రాస్తుంటే కూడా మధ్యలో ఆపి ఆపి వింటున్నాను. లోపలికి లాగుతుంది. ఆగుతుంది. ఆ ఆగిన చోట మాస్టారు గీత గీస్తారు, అనౌన్సరు మౌనం అంటుంది, టీచరుగారు సాధన అంటారు. నేను కలం పట్టుకుని, నా ఊపిరి కూడా బిగబట్టి, అది మళ్లీ కిందినించి లేచేదాకా కదలకుండా ఉంటాను.

లేచింది. ఇంకాసేపు రాయొచ్చు. కానీ రాయను. వెళ్లి పక్కన పడుకుంటాను.